అంత చదువుకుని గవర్నెస్ పనిలోనే ఎందుకు చేరేవాళ్లు?

విశాఖ_రీడర్:
జేన్ ఐర్ నవల ఇప్పుడే పూర్తి చేశాను. అందులో జేన్ ఓ గవర్నెస్, అంటే డబ్బున్నవాళ్ల ఇంట్లోనే ఉండి పిల్లలకి చదువు చెప్పే ఆవిడ. ఆ అమ్మాయికి ఫ్రెంచ్ వచ్చు, బొమ్మలు వేస్తుంది, జీతం మాత్రం ఏడాదికి 30 పౌండ్లు. చుట్టాలొచ్చినప్పుడు ఓ మూల కూర్చుంటే, ఆమెకి వినపడేలాగే గవర్నెస్‌ల గురించి తేలిగ్గా మాట్లాడతారు, ఆ చోట చాలా కోపం వచ్చింది. ఇంగ్లండ్‌లో నిజంగానే ఇలా చూసేవాళ్లా? వేరే ఉద్యోగం చూసుకోవచ్చు కదా?

గోదారిగట్టు:
నిజంగానేనండి. రాసినావిడ షార్లెట్ బ్రాంటీ స్వయంగా ఆ పని చేసింది. 1839లో యార్క్‌షైర్‌లో ఒకళ్లింట్లో చేరితే పగలంతా పిల్లల వెనక పరుగులు, వాళ్లు పడుకున్నాక గుట్టలకొద్దీ కుట్టుపని, గుడ్డల అంచులు మడిచి కుట్టడం, రాత్రి టోపీలు కుట్టడం, ఆఖరికి బొమ్మలకి బట్టలు కూడా. 1841లో ఇంకో ఇంట్లో జీతం 20 పౌండ్లు, అందులో బట్టలు ఉతికించినందుకని 4 పౌండ్లు పట్టుకునేవాళ్లు.

వేరే ఉద్యోగం అన్నారు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. తండ్రి పోయో, వ్యాపారం దెబ్బతినో రోడ్డున పడ్డ మధ్యతరగతి అమ్మాయికి పరువు పోకుండా బతకడానికి ఉన్న దారి దాదాపు ఇదొక్కటే, కాబట్టి అందరూ దీనికే ఎగబడేవాళ్లు, జీతాలు పెరిగేవి కావు. 1851 జనాభా లెక్కల నాటికి ఇంచుమించు 25,000 మంది గవర్నెస్‌లు ఉన్నారు. పనివాళ్లతో కలిసి తింటే పరువు తక్కువ, యజమానులతో కూర్చుంటే చనువెక్కువ, అందుకని చాలామంది తమ గదిలోనే ఒంటరిగా తినేవాళ్లు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఉద్యోగమూ పోయేది, తలదాచుకునే చోటూ పోయేది.

మాధవి_లెక్కలటీచర్:
దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. వీళ్ల అవస్థ చూసే లండన్‌లో 1848లో క్వీన్స్ కాలేజీ పెట్టారు, ఆడవాళ్లకి పాఠాలు చెప్పి, చదివినట్టు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు. మరుసటి ఏడాదే బెడ్‌ఫర్డ్ కాలేజీ వచ్చింది.

ఇక మేరీ క్యూరీ. పోలండ్‌లోని వార్సాలో అప్పట్లో ఆడవాళ్లకి యూనివర్సిటీ ప్రవేశం ఉండేది కాదు, అందుకని అక్క బ్రోన్యా పారిస్‌లో డాక్టరు చదువుకుంటుంటే తను 1886లో ష్చుకి అనే పల్లెలో గవర్నెస్‌గా చేరి డబ్బు పంపింది. రాత్రిళ్లు ఒక్కత్తే కూర్చుని ఫిజిక్స్, లెక్కలు చదువుకునేది. అప్పుడు అక్కడ ఉన్నది రష్యా పాలన, పట్టుబడితే శిక్ష తప్పదని తెలిసీ ఆ ఇంటి పెద్దమ్మాయితో కలిసి రైతుల పిల్లలకి పోలిష్ చదవడం, రాయడం నేర్పింది. ఆ ఇంటి అబ్బాయి కజిమేజ్, తనూ ఇష్టపడ్డారు, కానీ డబ్బులేని గవర్నెస్‌ని కోడలిగా చేసుకోడానికి అతని తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. అయినా అక్క చదువు ఆగిపోకూడదని అదే ఇంట్లో, అదే మనుషుల మధ్య ఇంకా ఏడాదికి పైగా పనిచేసింది. నోబెల్ గురించి పిల్లలకి అందరం చెబుతాం, నేను మాత్రం క్లాసులో ఆ ఇంట్లో గడిపిన ఈ మూడేళ్ల గురించే ముందు చెబుతాను.

విశాఖ_రీడర్:
మాధవి గారూ, ఇది నాకు అస్సలు తెలియదు, చాలా థాంక్స్. మన దేశంలో కూడా ఉండేవాళ్లా?

గోదారిగట్టు:
ఉండేవాళ్లండి, బాగా డబ్బున్న ఇళ్లలో. అలహాబాద్ ఆనంద భవన్‌లో మోతీలాల్ నెహ్రూ కూతురు విజయలక్ష్మి పండిట్‌కి మిస్ హూపర్ అనే ఇంగ్లీషు గవర్నెస్ చదువు చెప్పింది. విజయలక్ష్మి బడికి వెళ్లలేదు, చదువంతా ఇంట్లోనే.