చర్చ: విమాన ఇంజన్ టర్బైన్ బ్లేడ్లకు టైటానియం అల్యూమినైడ్ (టైటానియం, అల్యూమినియం కలిసిన పదార్థం) వాడొచ్చా, నికెల్‌తోనే ఉండాలా?

సైనిక్‌పురి ఎంటెక్:
మా ల్యాబ్‌లో దీని మీద రోజూ గొడవే. నా ఓటు మాత్రం అల్యూమినైడ్‌కే. ఘన సెంటీమీటరుకు దాదాపు 4 గ్రాములు, నికెల్ సూపర్ అల్లాయ్ (బాగా వేడిని తట్టుకునే నికెల్ మిశ్రమం) అయితే 8 పైమాటే. బ్లేడు బరువు సగమైతే, బ్లేడ్లను బిగించే తిరిగే చక్రం, అంటే డిస్క్ మీద లాగుడు తగ్గుతుంది, డిస్క్‌నీ సన్నగా చేసుకోవచ్చు. బోయింగ్ 787 విమానానికి పెట్టే, జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) కంపెనీ వాళ్ల జీఈఎన్‌ఎక్స్ ఇంజన్‌లో ఈ బ్లేడ్లు 2012 నుంచి ఎగురుతూనే ఉన్నాయి. ఇంకా భయం దేనికి?

బాలానగర్ గ్రైండింగ్:
ముక్క మా చేతికొచ్చాక మాట్లాడు తమ్ముడూ. మామూలు వేడిలో అది ఒకటి రెండు శాతం సాగితే గొప్ప. వీల్ కాస్త మొద్దుబారినా, కూలెంట్ ఒక్క క్షణం పక్కకు పోయినా పగులు వచ్చి ముక్క పాడైపోయినట్టే. కంటికి ఏమీ కనపడదు. ఎర్ర డై పూసి, తుడిచి, పగుల్లో మిగిలిన డైని పైకి లాగే తెల్ల డెవలపర్ కొడితే అప్పుడు అంచు వెంట వెంట్రుకంత గీత బయటపడుతుంది. ఇక అది స్క్రాపే. నికెల్ టూళ్లను తినేస్తుంది గానీ ఇంత టెన్షన్ పెట్టదు.

సైనిక్‌పురి ఎంటెక్:
అందుకేగా అన్నా, జీఈ వాళ్ల ఇంకో ఇంజన్ జీఈ9ఎక్స్‌లో ఈ బ్లేడ్లను పొడి నుంచి ఎలక్ట్రాన్ బీమ్‌తో పొరలు పొరలుగా కడుతున్నది! పొడిని ముందే బాగా వేడి చేస్తారు కాబట్టి పగుళ్లు తగ్గుతాయి.

బాలానగర్ గ్రైండింగ్:
ఆ మెషిన్ నువ్వు కొనిపెడతావా?

కంచన్‌బాగ్ రిటైర్డ్:
బాబూ, జీఈఎన్‌ఎక్స్‌లో అవి ఉన్నది లో ప్రెషర్ టర్బైన్ (ఇంజన్ వెనక భాగంలోని టర్బైన్) చివరి రెండు వరసల్లోనే. గ్యాస్ అక్కడికి చేరేసరికి వేడి చాలా తగ్గుతుంది. సుమారు 750 డిగ్రీలు దాటితే ఈ పదార్థాన్ని నమ్మలేం. ఇంధనం మండే గది, అంటే కంబస్టర్ పక్కనున్న మొదటి వరసకు నికెల్ సింగిల్ క్రిస్టలే (బ్లేడంతా ఒకే స్ఫటికంగా పోసినది) గతి. అసలు విషయం పరమాణువుల అమరికలో ఉంది. టైటానియం ఒక పొర, అల్యూమినియం ఒక పొరగా కూర్చుంటాయి. ఆ క్రమం చెదరకుండా పొరలు జారడం కష్టం. వేడిలో బలం నిలిచేదీ, చల్లగా ఉన్నప్పుడు పుటుక్కున విరిగేదీ అందుకే. జీఈ వాడే మిశ్రమంలో పరమాణువుల లెక్కన రెండు శాతం క్రోమియం ఉన్నది కాస్త సాగడానికి, రెండు శాతం నియోబియం ఉన్నది ఆక్సీకరణను తట్టుకోవడానికి. కాబట్టి చివరి వరసలకైతే నేనూ ఒప్పుకుంటాను, అంతకు మించి వద్దు.

బాలానగర్ గ్రైండింగ్:
చివరి వరసలే కానివ్వండి సార్. ఎంత పగులు వరకు పాస్ చేస్తారో, స్క్రాప్ ఖర్చు ఎవరిదో ఆర్డర్‌లో రాసిస్తే కొటేషన్ పంపుతా.