పాత తెలుగు పత్రికల స్కాన్‌లలో కావలసిన మాట వెతకడం ఎలా?

నమస్కారమండీ. తిరుపతిలో తెలుగు పీహెచ్‌డీ చేస్తున్నాను. రాయలసీమ కథల్లో కరువు నా అంశం. మా లైబ్రరీకి ప్రింటు జర్నల్స్ రావడం దాదాపు ఆగిపోయింది. ఏది అడిగినా ఆన్‌లైన్‌లో చూసుకోమంటున్నారు. ఇంగ్లిష్ వ్యాసాల వరకు ఇది మేలే. 2025 జనవరిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌తో ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 ఈ-జర్నల్స్ అందాయి. థీసిస్‌లకు శోధగంగ వెబ్‌సైటు ఎలాగూ ఉంది.

చిక్కంతా తెలుగు దగ్గరే. 1924లో మొదలైన ‘భారతి’ లాంటి పత్రికల పాత సంచికలు పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి గానీ, అవి వట్టి పేజీల ఫొటోలు. ‘కరువు’ అని కొడితే ఒక్కటీ దొరకదు, ప్రతి పేజీ కళ్లతో చదవాల్సిందే. ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాలను వెతకగలిగే టెక్స్ట్‌గా మార్చడం) చేస్తే ఒత్తులు ఎగిరిపోతున్నాయి. ‘ప’ కాస్తా ‘వ’ అవుతోంది. మరక పడిన చోట వాక్యమే ఉండదు. ఇలా ఒక మంచి కథ నా కంట పడకుండా పోతుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది.

టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు పాత అచ్చు అక్షరాలు నేర్పించి వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? స్కాన్‌ను ముందు ఎలా శుభ్రం చేసుకోవాలి? ఇంకొకటి, పీడీఎఫ్ పేజీ సంఖ్య, అచ్చులో ఉన్న సంఖ్య వేరువేరుగా ఉంటే ఫుట్‌నోట్‌లో మీరు ఏది ఇస్తున్నారు? నాకైతే అచ్చు సంఖ్యే సరైనదనిపిస్తోంది. తిరుపతి, చిత్తూరు వైపు బైండు చేసిన పాత సంపుటాలు కూర్చుని చూసుకోనిచ్చే చోటు తెలిసినా దయచేసి చెప్పండి, వచ్చి చూసుకుంటాను.