‘మాయా టెర్రకోట శిల్పం’ – తెలుగులో ఎలా అందాం?

అందరికీ నమస్కారం. మెక్సికోలో దొరికిన మాయా నాగరికత మట్టిబొమ్మల మీద పిల్లల కోసం ఓ చిన్న వ్యాసం రాస్తున్నాను. ‘మాయా టెర్రకోట శిల్పం’ అని పేరు పెడితే మా అమ్మాయి “మాయలు చేసే శిల్పమా నాన్నా?” అంది. ‘మాయా మృణ్మయ శిల్పం’ అంటే సరిపోతుందంటారా?

జవాబు: పాప అడిగింది న్యాయమేనండీ. మన చెవికి మాయ అంటే గారడీ, భ్రమ. మయుడూ మయసభా కూడా గుర్తొస్తాయి. ఆ జాతి పేరుకి వీటితో సంబంధం లేదు కాబట్టి ‘మాయా ప్రజలు చేసిన’ అని విడదీసి రాయండి.

మృణ్మయం నాకు నచ్చలేదు. చవితినాటి పచ్చిమట్టి వినాయకుడూ మృణ్మయమే, నీళ్ళలో వేస్తే కరిగిపోతాడు. ఈ బొమ్మలు వెయ్యేళ్ళకు పైగా సమాధుల్లో ఉండీ నిలిచాయంటే కాల్చబట్టే కదా! ఇటాలియన్‌లో టెర్రా అంటే మట్టి, కోటా అంటే కాల్చినది. మన కుమ్మరి ఇంట్లో పచ్చి కుండ వేరు, కాలిన కుండ వేరు. ‘కాల్చిన మట్టి’ అనే మాట చేతిలో ఉండగా సంస్కృతం దాకా ఎందుకండీ?

ఇక శిల్పం అనగానే ఉలి కళ్ళ ముందు కనిపిస్తుంది. మెక్సికోలోని కంపేచే రాష్ట్ర తీరంలో ఉన్న ఒక దీవిలో దొరికిన, సుమారు క్రీ.శ. 600–900 నాటి బొమ్మలు చూడండి. చాలావాటికి ముఖం అచ్చులో ఒత్తారు, ఒళ్ళు చేత్తో చేశారు, నగలు విడిగా అతికించారు. ఒకదానిలో ఒకావిడ నడుముకు మగ్గం కట్టుకుని నేస్తుంటుంది, ఎదుట గుంజ మీద పిట్ట. ఎంత ముచ్చటగా ఉంటుందో! జానెడు మించనివే ఎక్కువ. కొన్ని ఊదితే మోగే ఈలలు, కొన్ని లోపల గుళికలున్న గిలక్కాయలు. వీటికి ‘బొమ్మ’ కన్నా మంచి మాట లేదు. పిల్లల ఆటవస్తువనుకుంటారని భయం వద్దు, మనం దేవుడి బొమ్మ అనీ అంటాం.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. ఆ దీవి పేరు ‘జైనా’ అని రాసుకున్నాను, జైనుల దీవి అనుకుంటారేమో?

జవాబు: తప్పకుండా అనుకుంటారు. ఆ పేరు మొదట్లో ఉన్న J అక్షరం స్పానిష్‌లో ‘హ’లా పలుకుతుంది, ‘హైనా’ అనాలి. ఇక్కడ మళ్ళీ దుమ్ములగొండి అడ్డొస్తుంది! ఒక్క ‘హైనా’ అని వదలకుండా ‘హైనా దీవి’ అని కలిపే రాయండి.

ప్రశ్న అడిగినవారు: అయితే పేరు ‘హైనా దీవి మట్టిబొమ్మలు’. మొదటి వాక్యంలోనే ‘మాయా ప్రజలు కాల్చిన’ అని చెప్పేస్తాను.