కిట్ నుంచి కవచం దాకా: కత్తిరింపు, అతుకు, తొడుగు – మీ అనుభవాలు చెప్పండి

తోకచుక్క:
అందరికీ నమస్కారం. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న ప్లాస్టిక్ కవచం కిట్ ఎట్టకేలకు చేతికొచ్చింది. తల నుంచి పాదాల దాకా తెల్లగా ఉండే అంతరిక్ష సైనికుడి వేషం. పెట్టె విప్పితే మాత్రం కవచం పోలికలు పెద్దగా లేవు. ప్లాస్టిక్ పలకల మధ్యలోంచి ఛాతీ, వీపు, తొడలు ఉబ్బెత్తుగా లేచి ఉన్నాయి. చుట్టూ అక్కర్లేని పలక అలాగే వదిలేశారు. ఎక్కడ కొయ్యాలో గీతల్లేవు, సూచనల కాగితమూ లేదు. ఏబీఎస్ ప్లాస్టిక్ అని చెప్పారు. నేను కాస్త పొట్టి, సన్నం. ముక్కలేమో ఆరడుగుల మనిషికి చేసినట్టున్నాయి. మొదట ఏ ముక్క ముట్టుకోవాలి, ఏ జిగురు వాడాలి, నా కొలతకు ఎలా తగ్గించుకోవాలి? చేసినవాళ్లు చెబితే అప్పుడు కత్తెర పట్టుకుంటాను. కొంచెం టెన్షన్‌గానే ఉంది.

ఇనుపరెక్క:
శుభాకాంక్షలండీ. ముందు జిగురు సంగతి పక్కన పెట్టేయండి. తక్కువ కోస్తే మళ్లీ కోసుకోవచ్చు, అతికించేశాక విడదీయడమే కష్టం.

ఈ ముక్కలు ఎలా తయారయ్యాయో తెలిస్తే సగం పని తేలికవుతుంది. ప్లాస్టిక్ షీటును మెత్తబడేదాకా వేడిచేసి, అచ్చు మీద పరిచి, కింది నుంచి గాలి లాగేస్తారు. షీటు అచ్చుకు అతుక్కుపోతుంది. దీన్నే వ్యాక్యూమ్ ఫార్మింగ్ అంటారు. షీటు ఎక్కడ ఎక్కువ సాగిందో అక్కడ పలచబడుతుంది. కాబట్టి ప్రతి ముక్కనూ ఒకసారి లైటుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మామూలు చోట్ల వెలుగు మసగ్గా వస్తుంది. మూలల్లోనూ లోతుగా దిగిన చోట్లా ఇంకాస్త ప్రకాశంగా కనిపిస్తుంది. అవే పలచటి చోట్లు. లోపలివైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. రేపు పగిలేది అక్కడే. కోసేసిన తుక్కు పారేయకుండా దాచుకుంటే, తర్వాత ఆ చోట్ల లోపలి నుంచి దాంతోనే బలం ఇవ్వొచ్చు.

కోత రెండు విడతల్లో పెట్టుకోండి. మొదటి విడతలో ప్రతి ముక్క చుట్టూ వేలెడు వెడల్పు వదిలి మిగతాది తీసేయండి. రిమోట్ కారు బాడీలు కోసే వంపు కత్తెర ఉంటుంది, గుండ్రటి చోట్లకు దాన్ని మించింది లేదు. తిన్నని గీతలైతే కట్టర్ కత్తితో రెండు మూడుసార్లు గీసి వంచండి, గీత వెంబడే టక్కున విరుగుతుంది. పూర్తిగా తెగేదాకా కత్తితో నొక్కక్కర్లేదు. అలా నొక్కినప్పుడే కత్తి జారి వేళ్ల మీదికి వస్తుంది. రోటరీ టూల్, అంటే చిన్న చక్రం గిరగిరా తిరిగి కోసే కరెంటు పనిముట్టు, ఉంటే స్పీడు తగ్గించి వాడండి. స్పీడెక్కితే ప్లాస్టిక్ తెగదు, కరుగుతుంది. కరిగింది మళ్లీ అంచుకే అంటుకుంటుంది.

తోకచుక్క:
లైటుకు పెట్టి చూశానండీ. ఛాతీ ముక్క భుజం మలుపు దగ్గర నిజంగానే పలచగా ఉంది. ఇంకో సందేహం. అంచు లోపలికి మడతపడినట్టు ఉంది కదా, అది కూడా తీసేయాలా?

ఇనుపరెక్క:
దాన్ని రిటర్న్ ఎడ్జ్ అంటారు. షీటు మందం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లే అయినా, ఆ మడత వల్లే చూసేవాళ్లకు దళసరి కవచంలా కనిపిస్తుంది. బయటికి కనపడే అంచుల్లో ఉంచండి. ఒంటికి రాసుకునే చోట్ల తీసేయండి. మణికట్టు దగ్గర ఉంచితే చెయ్యి దూరదు. మోకాలి వెనక ఉంచితే నాలుగడుగులు వేసేసరికి చర్మం కందిపోతుంది. చంక కిందా అంతే.

రాత్రిపని:
తమ్ముడూ, ముంజేతి ముక్కలతో మొదలుపెట్టు. చిన్నవి, రెండే భాగాలు. చెయ్యి తిరిగాక పెద్దవాటికి వెళ్లొచ్చు.

అతుకు రెండు రకాలు. ఒకదాని మీద ఇంకొకటి ఎక్కించి అతికించడం తేలిక, బలం కూడా. కానీ అక్కడ మెట్టు కనిపిస్తుంది. రెండంచులనూ ఎదురెదురుగా ఆనించి, మీద ఒక పట్టీ, లోపల ఒక పట్టీ వేస్తే చూడ్డానికి బాగుంటుంది. పట్టీ వెడల్పు సాధారణంగా 15 నుంచి 25 మిల్లీమీటర్లు. చేతులకు సన్నం, కాళ్లకు వెడల్పు. ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఏమిటంటే, కొలత తగ్గించడానికి నీకు చోటు దొరుకుతుంది. నువ్వు సన్నం అన్నావు కాబట్టి ముందు భాగం నుంచి ఎంత తీస్తావో, అతుకు గీతకు ఇటూ అటూ సమానంగా తియ్యి. అంతా ఒక పక్కే తీస్తే ముక్క మీదున్న డిజైను పక్కకు తిరిగిపోతుంది. ముందు కొంత తీసి, మిగతాది వెనక అతుకులో సర్దుకో. లావుగా ఉన్నవాళ్లకు దీనికి తిరగేసి పని. వెనక సందులో తుక్కు ప్లాస్టిక్‌తో ఒక పట్టీ చేర్చి వెడల్పు పెంచుకుంటారు.

కుట్టుమిషన్:
రాత్రిపని గారితో ఒక్క విషయంలో నాకు పేచీ ఉంది. ముంజేతులతో చెయ్యి అలవాటు చేసుకోమనడం బాగానే ఉంది, కానీ కొలత మాత్రం మొండెం నుంచే మొదలవ్వాలి. ఛాతీ, పొట్ట, వీపు ముక్కలు ఎక్కడ కూర్చుంటాయో తేలితేనే భుజం ముక్క ఎక్కడ వేలాడుతుందో, తొడ ముక్క పైఅంచు ఎంత తగ్గించాలో తెలుస్తుంది. పొట్టివాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. తొడలను ముందే పూర్తిచేసేస్తే మొండెం ముక్క కిందికి దిగినప్పుడు రెండూ గుద్దుకుంటాయి, నడవనివ్వవు.

బాబూ, అన్నీ ఒక విడత కోశాక ఇల్లు తుడిచేసి, పెద్ద అద్దం ముందు నిలబడి, మాస్కింగ్ టేపుతో మొత్తం ఒంటికి అంటించుకో. ఇంకో మనిషి సాయం తప్పనిసరి. లోపల వేసుకునే నల్ల డ్రెస్సు, బూట్లు వేసుకునే ఇది చెయ్యాలి. బూటు మడమ ఎత్తు మారితే కాలి ముక్కల కొలతే మారిపోతుంది. ఊరికే నిలబడితే చాలదు. చేతులు పైకెత్తు. వంగు. మెట్టెక్కు. గట్టిగా ఊపిరి పీల్చు. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ మార్కర్‌తో గీత పెట్టించు, అప్పుడే రెండో విడత కోత.

రాత్రిపని:
మొండెం మాట నిజమే అక్కా. నేను చెప్పింది అతుకు పని గురించి. కొలతకు మీరు చెప్పిన వరసే సరైనది.

తోకచుక్క:
టేపు పని ఈ వారాంతం పెట్టుకుంటాను అక్కా. ఇక జిగురు చెప్పండి. ఈ6000 అని చాలామంది అంటున్నారు. సూపర్ గ్లూ అయితే క్షణంలో పడుతుంది కదా?

రాత్రిపని:
క్షణంలో పడటమే దాని ఇబ్బంది. సర్దుకునే వ్యవధి ఇవ్వదు. పైగా ఆరాక పెళుసుగా ఉంటుంది. కవచం నడిచేటప్పుడు వంగుతూ లేస్తూ ఉంటుంది, ఆ కుదుపులకు అతుకు టప్పున ఊడుతుంది. చుట్టూ తెల్లటి పొగమచ్చ కూడా వదులుతుంది. ఈ6000 ఆరినా రబ్బరులా సాగుతుంది. కొలత మారితే ఓపిగ్గా లాగి, ఒలిచి, మళ్లీ అతికించుకోవచ్చు. అందుకే నాకు అదే ఇష్టం. కాకపోతే పూర్తిగా గట్టిపడటానికి 24 నుంచి 72 గంటలు పడుతుంది. అంతవరకూ కదలకుండా క్లాంపులు పెట్టాలి. క్లాంపు అందని లోపలి చోట్ల బలమైన చిన్న అయస్కాంతాలను బయటొకటి, లోపలొకటి పెడితే చక్కగా నొక్కిపడతాయి. నున్నటి ప్లాస్టిక్ మీద జిగురు పట్టదు కాబట్టి, అతికించే చోట రెండువైపులా శాండ్‌పేపర్‌తో గరుకు చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. అసిటోన్‌తో మాత్రం తుడవకు, అది ఏబీఎస్‌ను కరిగిస్తుంది.

ఈ6000 వాసన పీలిస్తే మంచిది కాదు. తలుపులు, కిటికీలు తీసి పెట్టుకో, రసాయన ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ వేసుకో. దుమ్ము కోసం వాడే మాస్క్ ఆవిరిని ఆపదు. శాండింగ్‌కు అది సరిపోతుంది.

ఇనుపరెక్క:
కరిగించే గుణాన్నే పనికి వాడుకోవచ్చండీ. దాచిన తుక్కును చిన్నచిన్న ముక్కలు చేసి గాజు సీసాలో అసిటోన్ పోసి ఉంచితే, కొన్ని గంటల్లో చిక్కటి ముద్ద అవుతుంది. అతుకుల సందులు, పొరపాటు కోతలు పూడ్చడానికి అదే లేపనం. ఆరాక అదీ ఏబీఎస్సే, శాండ్ చేస్తే కలిసిపోతుంది. పలచగా పొరలు పొరలుగా వెయ్యండి. ఒకేసారి మందంగా పూస్తే కింది ప్లాస్టిక్ మెత్తబడి సొట్టపోతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు.

ముక్క వంపు మీ ఒంటికి సరిపడకపోతే బలవంతంగా వంచి అతికించకండి, ఆ బిగువు అతుకును ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది. దాదాపు మరిగే నీళ్లలో ఆ భాగాన్ని కాసేపు ముంచి, మందపాటి గ్లవుజులతో మెల్లగా వంచి, చన్నీళ్లలో పెడితే ఆ వంపులోనే నిలుస్తుంది. హీట్ గన్ కంటే ఇదే భద్రం. గన్ వేడి ఒకేచోట పడి డిజైను కరిగిపోవచ్చు.

పొరలపొర:
నాది ముద్రించిన కవచం, కిట్టే, కానీ ఫైళ్ల రూపంలో. త్రీడీ ప్రింటర్‌తో చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. ఎండలో మూసి పెట్టిన కారులో హెల్మెట్ వంకర తిరగడానికి అది చాలు. పీఈటీజీ అనే ఇంకో రకం 80 డిగ్రీల వరకు, ఏబీఎస్ దాదాపు వంద వరకు ఓర్చుకుంటాయి. ప్రింటు పొరల గీతలు పోవాలంటే 120 నంబరు గరుకుతో మొదలెట్టి 220, 400 నంబరు శాండ్‌పేపర్‌కు రావాలి, మధ్యలో ఫిల్లర్ ప్రైమర్ (సన్నటి గీతలు పూడ్చే అడుగుపూత) కొట్టాలి. విసుగు పుట్టించే పనే, కానీ మెరుపు మొత్తం దానిమీదే ఉంది. తోకచుక్కా, నీ కిట్ తెల్లటి మెరుపు ఏబీఎస్ అయితే ఈ తిప్పలేవీ నీకు లేవు, పెయింటే అక్కర్లేదు.

కుట్టుమిషన్:
పట్టీల గురించి ఎవరూ చెప్పట్లేదు. చూసేవాళ్లకు కనపడేది ప్లాస్టిక్, వేసుకున్నవాళ్లను నిలబెట్టేది పట్టీలు. నా మనసంతా ఈ పని మీదే ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నైలాన్ పట్టీని చిన్న ముక్కలుగా కోసి, ఒక్కోదానికి టిచ్ బటన్ బిగించి, ఆ ముక్కను కవచం లోపల జిగురుతో అతికించాలి. బటన్ కోసం బెజ్జం కత్తెరతో చెయ్యకు. సోల్డరింగ్ ఐరన్ మొనతో పొడిస్తే నైలాన్ అంచు కరిగి గట్టిపడుతుంది, పోగులు రావు. కోసిన కొనలు కూడా అలాగే కాల్చు. అవతలి బటన్లు ఎలాస్టిక్ పట్టీకి ఉంటాయి. ఛాతీ, వీపు కలిపే భుజాల మీద వెడల్పు ఎలాస్టిక్ వెయ్యి. సన్నదైతే బరువంతా ఒక గీతలో పడి భుజం కోసుకుపోతుంది. ఎలాస్టిక్ మరీ బిగువుగా పెట్టకు, ముక్కలను దగ్గరికి లాగి పట్టుకునేంత ఉంటే చాలు.

తొడ ముక్కలు బిగువు మీద నిలబడవు, జారతాయి. కవచం లోపల నడుముకు ఒక వెడల్పు బెల్టు కట్టి, దానికి ఒక్కో తొడను రెండేసి పట్టీలతో వేలాడదియ్యాలి. కాలి ముక్కలు వెనక తెరుచుకునేలా ఉంచి వెల్క్రో వెయ్యి, లేకపోతే బూట్ల మీదుగా ఎక్కవు. ప్రతి పట్టీకీ లోపల ఎల్, ఆర్, నంబరు రాసిపెట్టు. ముక్కలన్నీ కుప్పగా ఉన్నప్పుడు, వేసుకునే తొందరలో అది ఎంత మేలో అప్పుడు తెలుస్తుంది.

లోపలి నల్ల డ్రెస్సు ఒంటికి అతుక్కుని, చెమట పీల్చేదై ఉండాలి. పైనొకటి, కిందొకటి విడిగా ఉంటే బాత్రూమ్‌కు వెళ్లేటప్పుడు మొత్తం విప్పక్కర్లేదు.

గాజుకన్ను:
హెల్మెట్ నా వంతు. కిట్‌తో వచ్చే స్పాంజ్ ముక్కలు పీకేసి, నిర్మాణ పనుల్లో పెట్టుకునే హెల్మెట్ లోపలి పట్టీల చట్రం బిగించండి. తల తిప్పితే హెల్మెట్ కూడా తిరుగుతుంది, తలకూ డొప్పకూ మధ్య గాలి ఆడుతుంది. కళ్ల దగ్గర ముదురు రంగు షీటు వేడి ఊపిరికి మబ్బేస్తుంది. యాంటీ ఫాగ్ స్ప్రే కొంతసేపే పనిచేస్తుంది. అసలు మందు గాలి కదలడమే. 5 వోల్టుల చిన్న ఫ్యాన్లు రెండు పెట్టి, ఒకటి బయటి గాలిని షీటు మీదికి తోసేలా, ఇంకొకటి నోటి దగ్గరి వేడిని బయటికి లాగేలా తిప్పండి. పవర్ బ్యాంక్‌ను హెల్మెట్‌లో కాక నడుము దగ్గర పెట్టుకుంటే మెడకు బరువు ఉండదు.

హెల్మెట్ పెట్టుకున్నాక మీ పాదాలు మీకు కనిపించవు. ఎదురుగా నిలబడ్డ చిన్న పిల్లలూ కనిపించరు. ఫొటో కోసం పరిగెత్తుకొచ్చేది వాళ్లే. అందుకే పక్కన మామూలు బట్టల్లో ఒక తోడు మనిషి లేకుండా జనంలోకి వెళ్లొద్దు. మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకునేది, నీళ్లు అందించేది, పట్టీ ఊడితే బిగించేది వాళ్లే. తల తిరిగినట్టనిపించినా, చెమట ఆగిపోయినట్టనిపించినా వెంటనే హెల్మెట్ తీసి నీడలో కూర్చోండి. అయితే కవచంలో మామూలు కుర్చీలో కూర్చోలేరు, వీపు లేని ఎత్తు స్టూలు దొరికితే సుఖం.

తోకచుక్క:
అందరికీ చాలా థ్యాంక్స్. టేపు పని చేశాం, మా చెల్లి సాయం పట్టింది. కుట్టుమిషన్ అక్క చెప్పినట్టే తొడ ముక్క పైఅంచు మొండెం ముక్కకు తగిలింది, గీత పెట్టి తగ్గించాను. ఇప్పుడు మెట్టెక్కగలుగుతున్నాను. ఒక్కటే దిగులు. చేతులు పైకెత్తి చూస్తుంటే ఛాతీ ముక్కలో ఆ పలచటి మలుపు దగ్గర వెంట్రుకంత పగులు వచ్చింది. ముక్క మార్చాలా?

ఇనుపరెక్క:
అక్కర్లేదండీ. పగులు ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ కొన దగ్గర చిన్న డ్రిల్ బిట్‌తో బెజ్జం పెట్టండి. మొన గుండ్రంగా మారితే ఒత్తిడి చుట్టూ పంచుకుంటుంది, పగులు ముందుకు పాకదు. లోపలివైపు గరుకు చేసి, ఆ వంపుకు సరిపోయేలా తుక్కు ముక్కను వేడినీళ్లలో వంచి, ఈ6000తో వెడల్పుగా అతికించండి. బయట బెజ్జం, గీత ఏబీఎస్ ముద్దతో పూడ్చండి. అవతలి భుజం మలుపుకు కూడా పగలకముందే లోపల అదే పట్టీ వేసేయండి. చలిలో ఏబీఎస్ మరింత పెళుసవుతుంది, ఎండలో పెడితే పసుపెక్కుతుంది. కాబట్టి మూత ఉన్న పెట్టెలో, ముక్కల మధ్య తువ్వాళ్లు పెట్టి, హెల్మెట్ పైన ఉండేలా దాచుకోండి.

తోకచుక్క:
బెజ్జానికి ఎంత సైజు బిట్?

ఇనుపరెక్క:
రెండు మిల్లీమీటర్లు చాలు. వెనక ఒక చెక్క ముక్క ఆనించి, చేత్తో తిప్పే డ్రిల్ అయితే ఇంకా మంచిది.