సాపేక్ష వేగం: ఎప్పుడు కలపాలి, ఎప్పుడు తీసివేయాలి?

కావలి_ఇంటర్: రైళ్లు ఒకే దిశలో వెళ్తే తీసివేత, ఎదురెదురుగా వస్తే కూడిక అని నేర్చుకున్నాం. పడవ లెక్క వచ్చేసరికి ఆ సూత్రం పనికిరావడం లేదు. మీకు ఇది ఎలా అర్థమైంది?

ఒంగోలు_మాస్టారు: అమ్మా, ఆ రెండు సూత్రాలూ వదిలెయ్యి. ఉన్నది తీసివేత ఒక్కటే. చూస్తున్నది ఎవరో ముందు తేల్చుకో. కనిపించే వస్తువు వేగంలోంచి చూసేవారి వేగం తీసెయ్యి. విజయవాడ వైపు నీ రైలు గంటకు 80 కిలోమీటర్లు, పక్క పట్టాల మీద అదే వైపు గూడ్సు 60. నీకు దాని వేగం 60 − 80 = −20, అంటే వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. గూడ్సు చెన్నై వైపు వెళ్తుంటే దాని వేగమే −60. అప్పుడు −60 − 80 = −140. కూడికలా కనిపించేదంతా గుర్తు మహిమే.

బిట్రగుంట_వాసి: ఆగి ఉన్న రైల్లో కూర్చుంటే, పక్క బండి కదలగానే మనమే కదిలినట్టు ఉంటుంది. అవతలి కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూస్తే గానీ తేలదు. సీసాలో నీళ్లను కూడా గమనించండి. తిన్నగా, ఒకే వేగంతో పోతున్నంతసేపు మట్టంగా ఉంటాయి, బ్రేకు పడితే ముందుకు ఎగదన్నుతాయి. వేగం మారితేనే లోపల తెలుస్తుంది.

కృష్ణపట్నం_పడవ: ఉప్పుటేరులో పాటు వేళ నీరు సముద్రం వైపు లాగుతుంది. అవతలి గట్టున ఎదురుగా ఉన్న రేవుకే చేరాలంటే పడవ ముక్కును ఎగువకు తిప్పి పట్టాలి. లెక్క కోసం వెడల్పు 200 మీటర్లు, నీటిలో పడవ వేగం సెకనుకు 5 మీటర్లు, నీటి వేగం 3 అనుకోండి. ముక్కు నేరుగా గట్టు వైపు పెడితే 40 సెకన్లలో దాటుతాం, కానీ 120 మీటర్లు దిగువకు కొట్టుకుపోతాం. సుమారు 37 డిగ్రీలు ఎగువకు తిప్పితే రేవుకే చేరతాం, 50 సెకన్లు పడుతుంది. తక్కువ సమయం వేరు, తక్కువ దూరం వేరు. పరీక్షలో ఏది అడిగారో చూసుకోవాలి.

కావలి_ఇంటర్: అంటే 5 నీటిని బట్టి, 3 గట్టును బట్టి. ఇంతకాలం రెండూ గట్టును బట్టే అనుకున్నాను!

ఒంగోలు_మాస్టారు: అంతే. ప్రతి వేగం పక్కనా "దేన్ని బట్టి" అని రాసుకో. శ్రీహరికోటలో ఆగి ఉన్న రాకెట్టు కూడా భూమి తిరగడం వల్ల సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగంతో తూర్పుకు పోతూనే ఉంది. అందుకే తూర్పుకు ప్రయోగిస్తే ఆ వేగం కలిసివస్తుంది.

కావలి_ఇంటర్: మరి ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకు?

ఒంగోలు_మాస్టారు: అక్కడ అది అడ్డమే. దక్షిణం వైపు పంపేటప్పుడు ఆ తూర్పు వేగాన్ని ఇంధనం ఖర్చుపెట్టి రద్దు చేయాలి. పడవ ముక్కును ఎగువకు తిప్పిన లెక్కే, వేసి చూడు.