నెట్ సెంటర్ కంప్యూటర్లలో మిగిలిపోయే కుకీలు: ఏవి ఉంచాలి, ఏవి తీసివేయాలి?

ప్రశ్న: అనంతపురం నెట్ సెంటర్

అందరికీ నమస్కారం. అనంతపురంలో సప్తగిరి సర్కిల్‌కు దగ్గరలో నేనొక చిన్న ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. పరీక్షల దరఖాస్తులు, హాల్ టికెట్లు, స్కాలర్‌షిప్ ఫారాలు, బస్సు రిజర్వేషన్లు, బ్యాంకు పనులు, ఇలాంటి వాటి కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవారే నాకు ఎక్కువ. ఒకే కంప్యూటర్ ముందు పొద్దుటి నుంచి రాత్రి వరకు ఎందరో కూర్చుని లేస్తుంటారు.

ఈ మధ్య ఒక విద్యార్థిని తన దరఖాస్తు పూర్తిచేసి, బ్రౌజర్ మూసివేసి వెళ్లిపోయింది. ఆమె తరువాత వచ్చిన అబ్బాయి అదే వెబ్‌సైట్ తెరవగానే ఆ అమ్మాయి పేరు, ఫొటో, ఫోన్ నంబరుతో సహా ఆమె ఖాతాయే కనిపించింది. ఆ పిల్లవాడు మంచివాడు కాబట్టి వెంటనే నన్ను పిలిచి చూపించాడు. బ్రౌజర్ మూసేస్తే లాగిన్ పోతుందనే అందరూ అనుకుంటారు, మరి ఇక్కడ ఎందుకు పోలేదు?

ఇంకొక సంగతి. చీనీ తోట ఉన్న ఒక రైతు డ్రిప్ పైపుల ధరలు చూసుకుని వెళ్లిన తరువాత, ఆ కంప్యూటర్‌లో ఎవరు ఏ వార్తల సైటు తెరిచినా పక్కన డ్రిప్ పైపుల ప్రకటనలే వస్తున్నాయి. ఇవన్నీ కుకీల వల్లనే జరుగుతాయని ఒకరు చెప్పారు. సైటు తెరవగానే అడిగే 'యాక్సెప్ట్ ఆల్' బటన్‌ను నొక్కాలా వద్దా, రోజూ రాత్రి కుకీలన్నీ తీసివేస్తే ఏమైనా ఇబ్బంది వస్తుందా, తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: కడప వెబ్ డెవలపర్

అన్నా, మీరు చెప్పిన రెండు సంఘటనలూ కుకీలకు సంబంధించినవే, కానీ అవి రెండు వేర్వేరు రకాల కుకీలు. ఆ తేడా తెలిస్తే దేన్ని ఉంచాలో, దేన్ని ఆపాలో మీరే నిర్ణయించుకోగలరు.

వెబ్‌సైట్లు పనిచేసే హెచ్‌టీటీపీ పద్ధతికి స్వతహాగా జ్ఞాపకం లేదు. మీరు ఒక పేజీ అడుగుతారు, సర్వర్ (ఆ సైటును నడిపే కంప్యూటర్) ఇస్తుంది, అక్కడితో ఆ వ్యవహారం ముగిసిపోతుంది. రెండో పేజీ అడిగింది కూడా మీరేనని సర్వర్‌కు తెలిసే మార్గం అందులో లేదు. ఈ లోటు తీర్చడానికే 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటులీ అనే ఇంజనీరు కుకీలను, అంటే సైటు మన బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచార ముక్కలను, రూపొందించారు. ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోలుదారు ఎంచుకున్న వస్తువులను గుర్తుపెట్టుకోవడం ఎలా అన్నది అప్పుడు ఆయన ముందున్న సమస్య. బస్టాండు దగ్గర సైకిల్ స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదే ఇది: స్టాండు అతనికి మన ముఖం గుర్తుండనక్కరలేదు, టోకెన్ మీద నంబరు కలిస్తే చాలు. సర్వర్ ఇచ్చిన నంబరును బ్రౌజర్ దాచుకుని, ఆ సైటుకు వెళ్లిన ప్రతిసారీ చూపిస్తుంది.

దీన్ని మీరు కళ్లారా చూడవచ్చు. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, ఏదైనా సైటులో ఎఫ్12 నొక్కి, పైన 'అప్లికేషన్' అనే విభాగంలో కుకీల జాబితా తెరవండి. ఒక్కో వరుసలో కుకీ పేరు, దాని విలువ, అది ఏ సైటుకు చెందినది, ఎప్పటివరకు ఉంటుంది అనేవి కనిపిస్తాయి. విలువ గడిలో సాధారణంగా అర్థంకాని అక్షరాల, అంకెల వరుస ఉంటుంది. ఒక్కో కుకీ పరిమాణం నాలుగు కిలోబైట్లకు మించదు. అది ప్రోగ్రామ్ కాదు, వైరస్ కాదు, తనంతట తాను ఏ పనీ చేయలేదు.

ఆ జాబితాలో గడువు గడిని ప్రత్యేకంగా చూడండి, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది. కొన్నింటికి 'సెషన్' అని ఉంటుంది, అంటే బ్రౌజర్ మూసినప్పుడు అవి పోవాలి. కొన్నింటికి తేదీ ఉంటుంది, అవి ఆ తేదీ వరకు నిలిచి ఉంటాయి. క్రోమ్‌లో ఈ గడువు 400 రోజులకు మించకుండా 2022లో పరిమితి పెట్టారు. లాగిన్ అయ్యేటప్పుడు 'రిమెంబర్ మి' అన్న చోట టిక్ పెడితే, సైటు మామూలుగా తేదీ ఉన్న కుకీని ఇస్తుంది, అది బ్రౌజర్ మూసినా పోదు. ఆ అమ్మాయి టిక్ పెట్టకపోయినా ఇలా జరగడానికి ఇంకొక కారణం ఉంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో, తెరవగానే ఏం చూపించాలి అన్న చోట 'ఆపిన చోటు నుంచి కొనసాగించు' అని ఎంచుకుని ఉంటే, పాత ట్యాబులతో పాటు సెషన్ కుకీలు కూడా తిరిగి వచ్చేస్తాయి. మీ కంప్యూటర్లలో ముందుగా ఆ సెట్టింగ్ చూడండి.

డ్రిప్ పైపుల విషయం వేరు. మనం తెరిచిన సైటు తానే పెట్టుకునేది సొంత కుకీ. కానీ ఆ పేజీలో ప్రకటనల సంస్థ ఒకటి తన బొమ్మనో, కోడ్ ముక్కనో ఉంచినప్పుడు, బ్రౌజర్ ఆ సంస్థ సర్వర్‌ను కూడా పలకరిస్తుంది, ఆ సంస్థ కూడా తన కుకీని పెట్టుకుంటుంది. దీన్నే థర్డ్ పార్టీ కుకీ అంటారు. పైపులు అమ్మే సైటులోనూ, వార్తల సైటులోనూ అదే సంస్థ ప్రకటనలు ఉంటే, రెండు చోట్లా వచ్చింది ఒకే బ్రౌజర్ అని దానికి తెలిసిపోతుంది. దానికి రైతు పేరు తెలియకపోవచ్చు, కానీ ఈ బ్రౌజర్ డ్రిప్ పైపులు వెతికిందని తెలుసు, అంతే చాలు. ఇంట్లో సొంత ఫోన్‌లో ఇది చికాకు మాత్రమే. మీ సెంటర్‌లో మాత్రం ఒకరు వెతికినది ఇంకొకరికి బయటపడుతున్నది. డ్రిప్ పైపుల స్థానంలో ఒక జబ్బు పేరో, అప్పుల వివరమో ఉంటే ఎంత ఇబ్బందో ఆలోచించండి.

సఫారీ బ్రౌజర్ 2020 నుంచి థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపివేస్తున్నది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటు వరకే విడివిడిగా ఉంచుతున్నది. క్రోమ్‌లో వీటిని తొలగిస్తామని గూగుల్ 2020లో ప్రకటించి, 2024 జూలైలో ఆ ఆలోచన విరమించుకుంది. కాబట్టి క్రోమ్ వాడేవారు సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' తెరిచి, థర్డ్ పార్టీ కుకీలను తామే ఆపుకోవాలి.

జవాబు: కర్నూలు కంప్యూటర్ లెక్చరర్

పై జవాబు చక్కగా ఉంది. మా కళాశాల ల్యాబులో కూడా ఒకే యంత్రాన్ని విద్యార్థులు వంతులవారీగా వాడతారు కాబట్టి, అక్కడ మేము పాటించే పద్ధతి చెబుతాను.

రాత్రి కుకీలు తీసివేయడం మంచిదే, కానీ మీకు అది సరిపోదు. ఉదయం పది గంటలకు వచ్చిన వ్యక్తి లాగిన్ రాత్రి వరకు అలాగే ఉండిపోతుంది. ఒక్కొక్కరు లేవగానే శుభ్రం కావాలంటే క్రోమ్‌లో 'గెస్ట్' విండో వాడించండి. పైన కుడివైపున ఉన్న ప్రొఫైల్ గుర్తు నొక్కితే అది కనిపిస్తుంది. అందులో అంతకుముందు ఎవరో దాచిన పాస్‌వర్డులు, చూసిన పేజీల చరిత్ర కనిపించవు, ఆ విండోలన్నీ మూయగానే అందులో చేరిన కుకీలు పోతాయి. ఇన్‌కాగ్నిటో కూడా ఇంచుమించు ఇలాంటిదే, అందులోనూ తెరిచిన విండోలన్నీ మూస్తేనే కుకీలు పోతాయి. ఒకటి మూసి ఒకటి కింద దాగి ఉంటే లాగిన్ బతికే ఉంటుంది, తరువాత వచ్చినవారు కొత్తగా తెరిచే ఇన్‌కాగ్నిటో విండోకు కూడా అది వర్తిస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

గెస్ట్ విండో డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లను తీసివేయదన్నది మరువకండి. ఆధార్ కాపీలు, మార్కుల జాబితాలు, సంతకం స్కాన్లు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి. నా దృష్టిలో కుకీల కన్నా వాటివల్లనే ప్రమాదం ఎక్కువ. వాటిని విడిగా తొలగించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి.

ఎన్ని సెట్టింగ్స్ మార్చినా, పని అయిపోయినవారి చేత లాగౌట్ చేయించడం మానకండి. కుకీని తీసివేస్తే ఆ నంబరు మన యంత్రంలో మాత్రమే పోతుంది, సర్వర్ దృష్టిలో అది ఇంకా చెల్లుతూనే ఉండవచ్చు. లాగౌట్ చేస్తే, సరిగా తయారైన సైటు ఆ నంబరును తన వైపు కూడా రద్దు చేస్తుంది. కంప్యూటర్‌లోకి చొరబడిన హానికర సాఫ్ట్‌వేర్ లాగిన్ కుకీని ఎత్తుకుపోతే, దొంగకు పాస్‌వర్డు, ఓటీపీ రెండూ అవసరం లేకుండానే ఖాతా తెరుచుకుంటుంది. అందువల్ల క్రాక్ చేసిన ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల వంటివి ఏవైనా మీ యంత్రాల్లో ఉంటే, దయచేసి వాటిని వెంటనే తీసివేయండి.

ఇక మీ సొంత ఫోన్‌లో రోజూ అన్ని కుకీలనూ తీసివేయమని నేను చెప్పను. అలా చేస్తే ప్రతి సైటులోనూ మళ్లీ లాగిన్ కావాలి, ఎంచుకున్న భాష మారిపోతుంది. మీరు 'రిజెక్ట్ ఆల్' నొక్కారన్న సమాచారాన్ని కూడా చాలా సైట్లు కుకీలోనే దాచుకుంటాయి, అదీ పోతుంది కాబట్టి మర్నాడు మళ్లీ అదే ప్రశ్న అడుగుతాయి. అక్కడ థర్డ్ పార్టీ కుకీలను ఆపి, అక్కరలేని సైట్ల కుకీలను అప్పుడప్పుడు తొలగిస్తే సరిపోతుంది.

జవాబు: కర్నూలు న్యాయవాది

'యాక్సెప్ట్ ఆల్' గురించి అడిగిన ప్రశ్న మిగిలిపోయింది కాబట్టి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. కుకీలకు అనుమతి అడిగే ఆ పట్టీలు మనకు కనిపించడానికి మూలం యూరప్ చట్టాలు. అక్కడ 2009లో సవరించిన నిబంధనల ప్రకారం, సేవ అందించడానికి తప్పనిసరి కాని కుకీలను పెట్టే ముందు వినియోగదారుని సమ్మతి తీసుకోవాలి. 2018 మే 25న అమలులోకి వచ్చిన జీడీపీఆర్ అనే యూరప్ డేటా రక్షణ చట్టం ఆ సమ్మతి ఎలా ఉండాలో కఠినంగా నిర్వచించింది. ముందుగానే టిక్ పెట్టి ఉంచిన గడిని సమ్మతిగా భావించకూడదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు చాలునని, వద్దనడానికి మాత్రం పలుమార్లు నొక్కవలసి వస్తున్నదని తప్పుపడుతూ, ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా విధించినట్లు 2022 జనవరిలో ప్రకటించింది. 'రిజెక్ట్' బటన్ ఈరోజు చాలా సైట్లలో మొదటి తెరపైనే కనిపించడానికి ఇలాంటి చర్యలు ఒక ముఖ్య కారణం.

మన దేశంలో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చిచెప్పింది. ఆ తరువాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలను 2025 నవంబరులో నోటిఫై చేశారు, సమ్మతికి సంబంధించిన ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు తరువాత అమలులోకి వస్తాయి. ఆ చట్టం కుకీలను పేరుపెట్టి ప్రస్తావించదు, కానీ వాటి ద్వారా వ్యక్తిగత సమాచారం సేకరిస్తే సమ్మతి నియమాలు వర్తిస్తాయి. అందులో రెండు అంశాలు మీ దగ్గరకు వచ్చేవారికి నేరుగా పనికొస్తాయి. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు ఉండాలి, అందులో తెలుగు ఉంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం కూడా, ఇచ్చినంత సులువుగా ఉండాలి. 18 ఏళ్లు నిండని పిల్లలను లక్ష్యంగా చేసుకుని ప్రకటనలు చూపడాన్ని, వారి ప్రవర్తనను గమనించడాన్ని కూడా ఈ చట్టం నిషేధిస్తుంది. ఇంటర్ పిల్లలు మీ సెంటర్‌కు ఎక్కువగా వస్తారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

కనుక సైటు అడిగినప్పుడు నిస్సంకోచంగా 'రిజెక్ట్ ఆల్' లేదా 'తప్పనిసరి కుకీలు మాత్రమే' అని ఎంచుకోండి. లాగిన్‌కు, దరఖాస్తు నింపడానికి కావలసిన కుకీలు అప్పుడు కూడా పనిచేస్తాయి. పైగా ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న వ్యక్తి తరఫున 'యాక్సెప్ట్ ఆల్' అని మీరు నొక్కడం సరికాదు. ఆ నిర్ణయం వారిది. అది ఏమిటో వారికి తెలుగులో చెప్పి, వారి చేతనే నొక్కించండి.

అనంతపురం నెట్ సెంటర్

ముగ్గురికీ ధన్యవాదాలు. కడప అన్న చెప్పినట్లు చూస్తే, రెండు కంప్యూటర్లలో ఆ 'కొనసాగించు' సెట్టింగ్ ఎంచుకునే ఉంది. మార్చివేశాను. అన్నిటిలోనూ థర్డ్ పార్టీ కుకీలను ఆపి, గెస్ట్ విండోలు వాడిస్తున్నాను. అయితే ఒక ఫీజు చెల్లించే సైటులో బ్యాంకు పేజీ వరకు వెళ్లి, అక్కడ తెల్ల తెర వచ్చి ఆగిపోయింది. ఇది నేను చేసిన మార్పుల వల్లనేనా?

కడప వెబ్ డెవలపర్

అయ్యుండవచ్చు అన్నా. కొన్ని ఫీజు సైట్లు బ్యాంకు పేజీని తమ పేజీ లోపలే ఒక చిన్న చట్రంలో తెరుస్తాయి. అప్పుడు బ్యాంకు పెట్టే కుకీ కూడా థర్డ్ పార్టీ కుకీగా లెక్కకు వచ్చి ఆగిపోతుంది. అడ్రస్ పట్టీలో కుడివైపున కన్ను గుర్తు కనిపిస్తే దాన్ని నొక్కి, ఆ ఒక్క సైటుకు మాత్రం థర్డ్ పార్టీ కుకీలను అనుమతించండి, మిగతా సైట్లకు మీరు పెట్టిన ఆంక్ష అలాగే ఉంటుంది. అయితే అంతకన్నా ముందు, తెల్ల తెర వచ్చినప్పుడు ఆ పేజీని రీఫ్రెష్ చేయకండి, మళ్లీ చెల్లించకండి. ఖాతాలో డబ్బు తగ్గిందేమో ఆ విద్యార్థి ఫోన్‌కు వచ్చిన సందేశంలో చూసి, దరఖాస్తు సైటులో చెల్లింపు స్థితిని సరిచూసుకున్న తరువాతే రెండోసారి ప్రయత్నించండి.