టార్టన్ అంటే గళ్ళేనా?

టార్టన్‌ని తెలుగులో 'గళ్ళ ఉన్నిబట్ట' అనొచ్చా అని నిన్న అడిగారు కదండీ. అనొచ్చు. కాకపోతే స్కాట్లాండ్‌లో గేలిక్ మాట్లాడేవాళ్ళు దాన్ని టార్టన్ అనరు, 'బ్రెహ్కన్' అంటారు. 'బ్రెహ్క్' అంటే గళ్ళు కాదు, పొడలు. మన పొడపాములో ఉన్న పొడ. ఒంటినిండా మచ్చలుండే ట్రౌట్ చేపకి అదే పేరు, మశూచికి కూడా అదే మాట.

గళ్ళ బట్టకి పొడల పేరేమిటి? బట్టని కళ్ళ దగ్గర పెట్టుకుని చూడండి. పడుగూ పేకా రెండూ ఎరుపైన చోట గడి నిండుగా ఎర్రగా ఉంటుంది. ఎర్ర పడుగు మీదికి ఆకుపచ్చ పేక వచ్చిన చోట మాత్రం, రెండు పోగులు పైన, రెండు కింద చొప్పున, ఎర్ర చుక్కలూ ఆకుపచ్చ చుక్కలూ ఏటవాలుగా సాగుతాయి. దూరానికి అదొక మూడో రంగు. రెండు రంగుల దారంతో 3 ఛాయలు వస్తే, ఆరింటితో 21 వస్తాయి. ఆ చుక్కల వల్లే ఈ పేరు వచ్చిందేమో అని నా ఊహ, అంతే.

ఇంకో తమాషా. స్కాట్లాండ్‌లోని ఫాల్కర్క్ అనే ఊరి పేరుకి అర్థం 'మచ్చల చర్చి'. గేలిక్ పేరులోనూ ఇదే బ్రెహ్క్ ఉంది. 1933లో సరిగ్గా ఆ ఊళ్ళోనే ఒక కుండ దొరికింది. అందులో దాదాపు 2000 రోమన్ వెండి నాణేలు, మూతికి కుక్కిన గళ్ళ ఉన్ని పేలిక. 3వ శతాబ్దం నాటిది. రంగు అద్దకం లేదు, గొర్రె బొచ్చులోని లేత, ముదురు రంగులే, మన గొంగడిలాగా.

ఇక టార్టన్ అనే మాట ఫ్రెంచి 'తిర్తెన్' నుంచి వచ్చిందని ఎక్కువమంది చెప్పేది. అది అవిసెనార, ఉన్ని కలిపి నేసిన బట్ట పేరు. గళ్ళ ఊసే లేదు.

టార్టన్‌తో పాటు వినిపించే ఇంకో ఇంగ్లీషు మాట ప్లాడ్. దాని సంగతి ఇంకా విచిత్రం. గేలిక్‌లో ఆ మాటకి అర్థం కంబళి. అమెరికా వెళ్ళేసరికి గళ్ళ డిజైన్ పేరైపోయింది. డాలస్‌లో మా మేనల్లుడు మండుటెండలో పల్చటి నూలు ప్లాడ్ షర్ట్ వేసుకుని తిరుగుతాడు. మాట మూలం చూస్తే వాడిది కంబళి చొక్కా!

మీరు అనువదిస్తున్నది స్కాట్లాండ్ కొండసీమ మగవాళ్ళ సంప్రదాయ దుస్తుల్ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన 1746 నాటి చట్టం గురించి కాబట్టి ఒక్క జాగ్రత్త. అందులో టార్టన్, రంగురంగుల ప్లాడ్ అని రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండింటినీ 'గళ్ళ బట్ట' చేస్తే వాక్యం పాడవుతుంది. టార్టన్‌ని అలాగే ఉంచి, ప్లాడ్‌ని కంబళి అనండి. 1782లో రద్దయ్యేదాకా అక్కడ 'గళ్ళ బట్టలు నిషేధం' అని రాశారంటే, మనవాళ్ళకి ముందు లుంగీలే గుర్తొస్తాయి.